అద్దెభాగానికి మరమ్మతు: సొమ్ము ఎక్కడినుండి తేవాలి?

బెంగళూరులో చాలాకాలం క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురికి ఇరవై-ముప్పై లేదా ముప్పై-నలభై అడుగుల స్థలంలో కట్టుకొన్న ఇల్లు ఉంటుంది. పై అంతస్తులో తాము నివసిస్తూ కింది భాగాన్ని అద్దెకు ఇస్తారు. గోడలకు చెమ్మ పట్టి, స్నానాల గది కారుతూ, పాత విద్యుత్ తీగలు మార్చవలసి వచ్చినప్పుడు మూడు లక్షలైనా ఒక్కసారిగా కావాలి.

అప్పుడు ఎక్కువమంది చూపు భోగ్యంపై పడుతుంది. వీధిలో దీనినే లీజు అంటారు. అద్దెదారు పెద్దమొత్తం ముందుగా ఇస్తాడు. రెండు మూడేళ్లు అద్దె ఉండదు. గడువు తీరగానే మొత్తం తిరిగి ఇవ్వాలి. ఇది వడ్డీ లేని అప్పుగా తోస్తుంది గాని, వదులుకొన్న అద్దెయే దాని వడ్డీ. నెలకు 12,000 రూపాయలు రాగల భాగాన్ని 8 లక్షలకు భోగ్యమిచ్చారనుకొందాం. ఏడాదికి పోయిన అద్దె 1,44,000. అంటే నూటికి 18 వడ్డీ! పైగా మూడు లక్షలు మరమ్మతుకు పోగా మిగిలిన ఐదు లక్షలు పెళ్లికో, ఊళ్లో పొలానికో ఖర్చయితే, కొత్తవారు దొరికేదాకా పాతవారికి చెల్లించే దారి ఉండదు. ఆ పాతవారు నగలు కుదువపెట్టి తెచ్చిన సొమ్మే అది కావచ్చు. ఏడాదికి మించిన ఒప్పందానికి రిజిస్ట్రేషను తప్పనిసరి అన్న సంగతి కూడా తరచు మరుగున పడుతుంది.

అడ్వాన్సు సొమ్మునూ ఇలాగే వాడేస్తుంటారు. అదీ తిరిగి ఇవ్వవలసినదే.

బ్యాంకు అప్పు లెక్క వేరు. 3 లక్షలు నూటికి 10 వడ్డీకి ఐదేళ్లకు తీసుకొంటే నెలసరి వాయిదా సుమారు 6,374 రూపాయలు. వచ్చే అద్దెలో సగానికి కొంచెం ఎక్కువ. మిగిలినది ఇంటి ఖర్చుకు అందుతుంది. ఇప్పటికే గృహరుణం ఉన్నవారు దానిపై అదనపు రుణం అడగడం మేలు; వ్యక్తిగత రుణం కంటే సాధారణంగా వడ్డీ తక్కువ. బీ-ఖాతా ఇళ్లకు మాత్రం బ్యాంకులు అంత సులభంగా ఇవ్వవు. అటువంటివారు చీటీ పాడుకోవాలనుకొంటే నమోదైన సంస్థలోనే పాడుకోవాలి. నిర్వాహకుని కమిషను నూటికి 7 దాటరాదని చట్టం. తొలి నెలల్లో పాడితే తగ్గే సొమ్మునూ వడ్డీగానే లెక్కించాలి.

ఆదాయపు పన్ను విషయం చాలామంది గమనించరు. అద్దె ఆదాయంలో పురపాలక పన్ను పోను నూటికి 30 మినహాయింపు, మీరు మరమ్మతు చేసినా చేయకపోయినా ఒకటే. సొంత సొమ్ము ఖర్చుపెట్టినంత మాత్రాన అది పెరగదు. కాని మరమ్మతుకై తెచ్చిన అప్పుపై వడ్డీని అద్దె ఆదాయం నుండి విడిగా తగ్గించుకోవచ్చు. అందుకు బ్యాంకు ఇచ్చే వడ్డీ పత్రం, మేస్త్రీకి చెల్లించిన రసీదులు భద్రపరచుకోండి.

అంతా ఒకేసారి చేయాలని కూడా లేదు. కారుడు, తీగలు వానలకు ముందే; టైల్స్, రంగులు అద్దెదారు మారే వేళకు. అద్దె పెంచదలిస్తే ఎంతో, ఎప్పటినుండో పని మొదలుపెట్టకముందే కాగితంపై రాసుకోండి.