వార్తల్లో పదం: గృహ సందర్శన

ఆసుపత్రిలో కాన్పయి ఇల్లు చేరిన తల్లీబిడ్డలను చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు వెళ్లాలి. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మరో ఐదు సందర్శనలు 2018లో చేరాయి.

ఈ గృహ సందర్శనల మూలం తెలంగాణను ఆనుకునే ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు శిక్షణ పొందిన పల్లె మహిళలను 39 గ్రామాల్లో పసికందుల ఇళ్లకు పంపి, మరో 47 గ్రామాలతో పోల్చిచూశారు. మూడో ఏటికి నవజాత శిశుమరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ ప్రచురించింది.

చావులు లెక్కకు అందుతాయి. పిల్లల ఎదుగుదలను కొలవడమే చిక్కు: శ్రద్ధగల తల్లి సేవల కోసం తానే వస్తుంది, ఆమె బిడ్డ ఎలాగూ బాగుంటాడు. అందుకే సేవలు ఎవరికి అందాలో తేల్చడానికి పరిశోధకులు లాటరీ వేస్తారు. తమిళనాడులో 640 అంగన్‌వాడీల్లో అలా ఎంచిన 320కి పూర్వప్రాథమిక బోధనకు అదనపు కార్యకర్తను ఇచ్చారు. బోధన సమయం రెట్టింపైంది, చదువు మెరుగైంది. జమైకాలో రెండేళ్లపాటు వారంవారం ఇంటికెళ్లి తల్లులకు ఆటలు నేర్పితే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, సందర్శనలు అందనివారి కంటే 25 శాతం ఎక్కువగా తేలింది.

ఇంటికెళ్లాలంటే ఇల్లు ఎలాంటిదో కూడా చూడాలి; ముంబైలో ‘ఇల్లు’ అనేదే వేరు. వర్లిలోని పాత బీడీడీ చాల్‌లో (ఒంటిగది ఇళ్ల భవనంలో) 160 చదరపు అడుగుల గది; తల్లికి చెప్పిన మాట నాయనమ్మా వింటుంది. సర్వే ప్రశ్నావళి మాత్రం తల్లినే అడుగుతుంది! తెలుగు కామాఠీల పేరు మోసే కామాఠిపురలోనైతే వేళే సమస్య: తల్లుల పని రాత్రిపూట. అక్కడి సెక్స్‌వర్కర్ల పిల్లల కోసం ప్రేరణ సంస్థ 1988లో రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచింది.