పసిబిడ్డ కాళ్లలో నాడి అందకపోతే? గుండెకు బెలూన్ చికిత్స గురించి సింపుల్‌గా

ముందే చెప్తున్నా, నేను బీటెక్ వాణ్ణి, డాక్టర్‌ని కాదు. అయినా ఇంట్లో పసిబిడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలి.

మన తొండూరులో ఒక ఇంట్లో బిడ్డ పుట్టిందనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు బాగానే ఉంది. వారం తిరిగేసరికి పాలు తాగట్లేదు, ఆయాసపడుతోంది, కాళ్లు చల్లబడ్డాయి. పెద్దవాళ్లు దిష్టి అంటారు. కానీ అది గుండె జబ్బు కూడా కావచ్చు.

గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం అయోర్టా. కొందరికి అది పుట్టుకతోనే ఒకచోట సన్నబడి ఉంటుంది. దాన్నే కోఆర్క్టేషన్ అంటారు. కడుపులో ఉన్నప్పుడు డక్టస్ అనే ఇంకో దారి ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. పుట్టిన కొద్ది రోజులకు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఒంటి కింది భాగానికి రక్తం సరిగా అందదు. కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె అలిసిపోతుంది.

అప్పుడు డాక్టర్లు ముందు ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కించి, ఆ మూసుకుపోయే దారిని తెరిచే ప్రయత్నం చేస్తారు. ఆ తర్వాత మామూలుగా ఆపరేషనే. మరి బిడ్డ ఆపరేషన్‌కు కూడా తట్టుకోలేని స్థితిలో ఉంటే?

అప్పుడే బెలూన్. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, సన్నబడిన చోట చిన్న బెలూన్‌ని కొన్ని సెకన్లు ఉబ్బిస్తారు. దారి వెడల్పవుతుంది. పసిబిడ్డ తొడ నాళం మరీ సన్నం కదా, దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో డాక్టర్ పి. శ్యామసుందర్ రావు బృందం బొడ్డు రక్తనాళం గుండా వెళ్లి ఇదే పని చేసి, 1992లో ఆ కేసు ప్రచురించింది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది హాట్‌ఫిక్స్. నెలల పిల్లల్లో ఆ చోటు మళ్లీ సన్నబడటం ఎక్కువ. కాబట్టి బెలూన్ వేసేది ముఖ్యంగా బిడ్డ కోలుకోవడానికి టైమ్ కొనుక్కోవడం కోసం. తర్వాత ఆపరేషన్ అవసరం పడొచ్చు, చెకప్‌లు మానకూడదు.

మనకు దగ్గర్లో తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది, 2021 అక్టోబర్‌లో మొదలైంది. కానీ తొండూరు నుంచి తిరుపతికి గంటల ప్రయాణం. అందుకే దగ్గరి పెద్దాసుపత్రిలో ముందు మందు మొదలుపెట్టించుకుని బయల్దేరడం ముఖ్యం.

కాన్పు తర్వాత ఇంటికి వచ్చేముందు ఒక్క మాట అడగండి: "డాక్టర్ గారూ, తొడ దగ్గర నాడి చూశారా?" వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్‌లో ఈ జబ్బు ఒక్కోసారి దొరకదు. బిడ్డ పాలు మానేసి, ఆయాసపడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఈ వీడియోని మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మళ్లీ కలుద్దాం!