పోర్ట్ లూయిస్ రేవులో ఒక పగలు

విదేశాల్లో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను క్రూయిజ్ అనే విహారనౌకా యాత్రకు తీసుకువెళ్లే సందర్భాలు నేడు మన గ్రామాల కుటుంబాలకూ కలుగుతున్నాయి. ఓడ రాత్రంతా ప్రయాణించి ఉదయం ఏదో ఒక దీవి రేవులో ఆగుతుంది. సాయంత్రం తిరిగి బయలుదేరుతుంది. నడుమ లభించే ఏడెనిమిది గంటల్లోనే దీవిని చూడాలి. హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆ సమయాన్ని ఎలా వినియోగించుకోవాలో తెలుసుకుందాం. ఆ రేవులో మన పూర్వుల అడుగులు ఉన్నాయి కనుక, అక్కడ దిగే తెలుగువారు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవడం అవసరం.

ఓడ నియమాలు

ప్రతి ప్రయాణికునికి ఓడవారు ఒక కార్డు ఇస్తారు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ దానిని యంత్రం వద్ద చూపాలి. ఎవరు ఓడలో ఉన్నారో, ఎవరు ఒడ్డున ఉన్నారో ఆ లెక్క వలననే తెలుస్తుంది. బయలుదేరడానికి సాధారణంగా అరగంట నుండి గంట ముందే అందరూ ఓడ ఎక్కి తీరాలి. ఓడవారు ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే సాధారణంగా దాని కోసం ఆగుతారు. సొంతంగా కారు మాట్లాడుకొని వెళ్లిన వారి కోసం ఆగుతారన్న భరోసా లేదు. ఓడను రేవు దాటించే పైలట్, టగ్గు పడవలు, తరువాతి రేవులో నిలిపే చోటు అన్నీ ముందే నిర్ణయమై ఉండటమే ఇందుకు కారణం. ఓడ తప్పినవారు తమ ఖర్చుతోనే తరువాతి రేవుకు చేరుకోవలసి వస్తుంది.

మారిషస్ గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. సెల్‌ఫోన్ ఒక సమయం, ఓడ మరొక సమయం చూపవచ్చు. దిగే ముందు ఓడవారిని అడిగి చేతి గడియారం సరిచేసుకోవాలి. పాస్‌పోర్టు నకలు, ఓడ ఏజెంటు ఫోన్ నంబరు, రోజూ వేసుకునే మందులు వెంట ఉండాలి. పండ్లు, విత్తనాలు ఒడ్డుకు తీసుకుపోరాదు. బయటి చీడపీడలు సోకకుండా దీవులవారు ఈ విషయంలో కఠినంగా ఉంటారు.

ముందుగా చూడవలసిన చోటు

రేవు సమీపంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1835లో మారిషస్‌లో బానిసత్వాన్ని రద్దు చేసింది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చి, భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను రప్పించుకున్నారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కలకత్తా నుండి వచ్చి ఇక్కడ దిగారు. 1920 వరకు సాగిన ఈ వలసలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ దీవికి చేరారు. వచ్చినవారిని నమోదు చేసి, తోటలకు పంపడానికి 1849లో ఇక్కడ డిపో ఏర్పడింది. దాని ద్వారం, ఆసుపత్రి భాగం, రేవు మెట్లు నేటికీ నిలిచి ఉన్నాయి. యునెస్కో 2006లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ కూలీల్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. యానాం పక్కనే ఉన్న కోరంగి ఆనాడు పేరున్న రేవు. ఆ రేవు పేరు మీదుగానే మారిషస్‌లో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచారు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను కోరంగిని ధ్వంసం చేసింది. రేవు క్షీణించినా, దాని పేరు సముద్రానికి ఆవలి ఒడ్డున మనుషుల పేరుగా మిగిలింది.

తొలినాళ్లలో ఒప్పందం ముగిసినవారికి తిరుగు ప్రయాణపు హామీ ఉండేది. తరువాత దానిని ఎత్తివేశారు. చాలామంది అక్కడే స్థిరపడిపోయారు. నేడు వారి సంతతివారిలో అధికుల ఇంటి భాష క్రియోల్. అయినా ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన కొనసాగుతున్నాయి. పాఠశాలల్లో తెలుగు బోధిస్తున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. రాష్ట్రం దాటి తెలుగును నిలుపుకుంటున్న మన సరిహద్దు కుటుంబాలకు ఆ శ్రమ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మిగిలిన సమయం

ఘాట్ నుండి నడచి వెళ్లగల దూరంలో సెంట్రల్ మార్కెట్ ఉంది. అక్కడి వీధుల్లో అమ్మే ‘దాల్ పూరీ’ మన బొబ్బట్టు వలెనే పప్పు పూర్ణంతో చేసినదైనా తీపి ఉండదు. కూరతో, పచ్చడితో తింటారు. మధ్యాహ్నం సుమారు పదకొండు కిలోమీటర్ల దూరంలోని పాంప్లెమూస్ ఉద్యానవనానికి వెళ్లవచ్చు. పళ్లేల వంటి పెద్ద ఆకుల నీటికలువలు ఆ తోటకు ప్రసిద్ధి. స్వతంత్ర మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ పేరు దానికి పెట్టారు. ఒక్క రోజులో సముద్రతీరాలు కూడా చూడాలని పరుగెత్తితే ఏదీ తృప్తిగా చూడలేము. తిరుగు దారిలో వాహనాల రద్దీ ఉండవచ్చు గనుక, ఎక్కవలసిన గడువుకు కనీసం గంటన్నర ముందే రేవుకు చేరేలా లెక్క వేసుకోవాలి.

తమ వంశంలో ఎవరైనా ‘మరీచి దేశం’ వెళ్లారని ఇంట్లో చెప్పుకునేవారికి మరొక మాట. వలస వచ్చినవారి రిజిస్టర్లు, కొన్ని ఛాయాచిత్రాలు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఒక్క పూటలో వెదకడం కష్టం. పెద్దలను అడిగి పేరు, ఊరు, సుమారు సంవత్సరం రాసుకొని, యాత్రకు ముందే ఆ సంస్థకు ఉత్తరం రాయడం మేలు. ఇంట్లో ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉండగానే ఈ పని చేయాలి.