ఆకాశంలో కేక

ఇంటి మీదుగా విమానం పోతుంటే పిల్లలు పరుగున బయటికొస్తారు. పెద్దవాళ్లూ తలెత్తి చూస్తారు. ఆకాశం ఎంతో పెద్దది. అందులో విమానం చిన్న పిట్టలా కనిపిస్తుంది. అంత చోటు ఉండగా రెండు విమానాలు గుద్దుకుంటాయా?

గుద్దుకుంటాయి. మన దేశంలోనే జరిగింది.

అది 1996 నవంబరు 12, సాయంత్రం. సౌదీ అరేబియా విమానం ఒకటి ఢిల్లీ నుంచి బయలుదేరింది. అందులో 312 మంది ఉన్నారు. చాలామంది పని కోసం సౌదీ పోతున్న మన దేశం వాళ్లే. అదే సమయానికి కజకిస్తాన్ దేశపు విమానం ఢిల్లీలో దిగడానికి వస్తున్నది. అందులో 37 మంది ఉన్నారు. రెండింటికీ దారి ఒకటే. ఒకటి పోతున్నది, ఇంకొకటి ఎదురు వస్తున్నది.

దారి ఒకటే అయినా ఎత్తు వేరు. వచ్చే విమానం 15 వేల అడుగుల ఎత్తులో ఉండాలి. పోయే విమానం 14 వేల అడుగుల దగ్గర ఆగాలి. ఢిల్లీలో విమానాలకు దారి చెప్పే అధికారి రెండింటికీ ఈ మాట చెప్పాడు. మధ్యలో వెయ్యి అడుగుల ఎడం ఉంది. అంటే పది పదిహేను తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. కానీ కజకిస్తాన్ విమానం చెప్పిన ఎత్తు దాటి ఇంకా కిందికి దిగింది. ఢిల్లీలో అప్పుడున్న రాడార్‌లో విమానం ఎక్కడుందో తెలిసేది. ఎంత ఎత్తులో ఉందో తెలిసేది కాదు. అందుకని ఆ అధికారికి ప్రమాదం కనపడలేదు. హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలూ ఢీకొన్నాయి. ముక్కలై పొలాల్లో పడ్డాయి. మొత్తం 349 మంది. ఒక్కరూ బతకలేదు.

ఎదురు వచ్చే విమానాన్ని చూసి తప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది. రోడ్డు మీద బస్సులైతే అలాగే తప్పుకుంటాయి. కానీ పెద్ద విమానాలు పూర్తి వేగంతో ఎదురెదురుగా వస్తే ఒక్క నిమిషంలో పాతిక కిలోమీటర్ల పైనే దగ్గరవుతాయి. మబ్బులుంటే అసలే కనపడదు. మనిషి కన్ను దీనికి చాలదు.

అందుకే విమానంలో ఒక పరికరం పెడతారు. దాన్ని టీకాస్ అంటారు. రాత్రి చీకట్లో నడిచేటప్పుడు ఏదో అలికిడి అయితే "ఎవరది?" అని కేక వేస్తాం. అవతలి మనిషి "నేనే" అంటాడు. గొంతును బట్టి ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది. టీకాస్ చేసేదీ ఇదే. దాని కేక మాత్రం చెవికి వినపడదు, రేడియో తరంగాలతో వేస్తుంది. దాదాపు సెకనుకు ఒకసారి "ఎవరక్కడ?" అని అడుగుతుంది. దగ్గర్లో ఉన్న విమానంలోని యంత్రం తన ఎత్తు చెపుతుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క తేలుతుంది.

రెండూ మరీ దగ్గరవుతుంటే పరికరం పైకే మాట్లాడుతుంది. ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. చుట్టుపక్కల విమానం ఉంది, చూసుకో అని అర్థం. అప్పటికీ దూరం తగ్గుతుంటే ఒక విమానంలో "పైకి పో" అంటుంది, రెండో దానిలో "కిందికి దిగు" అంటుంది. రెండు పరికరాలూ ముందే కూడబలుక్కుంటాయి. లేకపోతే రెండూ ఒకేవైపు తప్పుకొని మళ్లీ గుద్దుకుంటాయి. ఇరుకు సందులో ఎదురుపడ్డ మనుషులు చేసేది అదే కదా! ఈ మాట వినపడేసరికి పైలట్‌కు మిగిలేది 15 నుంచి 35 సెకన్లు.

చర్ఖీ దాద్రీ ప్రమాదం తర్వాత మన ప్రభుత్వం పెద్ద విమానాల్లో టీకాస్ తప్పనిసరి చేసింది. ఢిల్లీకి వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు.

పరికరం ఉంటే చాలా? చాలదు. 2002 జులై 1 రాత్రి జర్మనీ మీద రెండు విమానాలు ఎదురుపడ్డాయి. ఒకటి రష్యాది. అందులో ఎక్కువ మంది పిల్లలే. రెండోది సరుకుల విమానం. రెండింటిలోనూ టీకాస్ ఉంది. రష్యా విమానాన్ని పైకి పొమ్మంది, సరుకుల విమానాన్ని దిగమంది. కానీ కింద నుంచి అధికారి రష్యా విమానాన్ని దిగమన్నాడు. పైలట్లు మనిషి మాటే విన్నారు. రెండూ దిగాయి. 71 మంది చనిపోయారు. ఆ రాత్రి ఆ అధికారి ఒక్కడే రెండు చోట్ల పని చూసుకుంటున్నాడు. తప్పంతా అతడి నెత్తిన వేయడం న్యాయం కాదు. అధికారి ఒకటి, పరికరం ఇంకొకటి చెపితే పరికరం మాటే వినాలని ఆ తర్వాత నియమం స్పష్టం చేశారు.

విమానానికి ఇంకో గండం ఉంది. అది కొండ. యంత్రం బాగానే ఉంటుంది, పైలట్ నేర్పరే. మబ్బుల్లో నేల ఎంత దగ్గరగా ఉందో తెలియక నేరుగా కొండను కొట్టుకుంటారు. 1974లో అమెరికాలో ఇలాగే ఒక విమానం కొండను ఢీకొని 92 మంది పోయారు. నేల దగ్గరైతే హెచ్చరించే యంత్రాన్ని డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు అప్పటికే తయారు చేసి ఉన్నాడు. ఆ ప్రమాదం తర్వాత అమెరికా దాన్ని తప్పనిసరి చేసింది.

బావిలోకి కేక వేస్తే తిరిగి వినిపిస్తుంది కదా. ఆ యంత్రం కిందికి రేడియో కేక వేసి నేల ఎంత దూరమో తెలుసుకుంటుంది. అయితే తిన్నగా కిందికే చూస్తుంది. ఎదుట నిట్టనిలువు కొండ ఉంటే అది తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. అందుకని 1990ల్లో బేట్‌మన్ బృందం లోకంలోని కొండలూ లోయల పటాన్ని యంత్రంలోనే పెట్టింది. తానెక్కడున్నదీ ఉపగ్రహాల సాయంతో తెలుసుకొని, ముందు రాబోయే కొండను అది పటంలో చూస్తుంది. కొండ ఇంకా దూరాన ఉండగానే "నేల, నేల! పైకి లేపు!" అని ఇంగ్లీషులో అరుస్తుంది. మబ్బుల్లో ఆ అరుపు వినపడితే పైలట్ ముందు విమానాన్ని పైకి లేపాలి. ఎందుకు అరిచిందో చూసుకోవడం ఆ తర్వాతే.