పిచ్చుకల కోసం కట్టిన గూట్లో గోరింకలు

నిరుడు మార్చి 20న, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం నాడు, మన సంఘం తరఫున చెక్క గూళ్లు చేయించి సభ్యుల ఇళ్లకు పంచాం. వడ్రంగికి కొలతలు రాసిచ్చింది నేనే. ముప్పై ఏళ్లు గుమాస్తాగా అంకెలు సరిచూసిన మనిషిని, గూటి రంధ్రం దగ్గర మాత్రం పిట్టకు ఇరుకు కాకూడదని రెండు అంగుళాలు రాసేశాను. ఉగాది దాటి నెల తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి. "కార్యదర్శి గారూ, మీ గూట్లో పిచ్చుక లేదండీ, గోరింకలు కాపురం పెట్టాయి. చుట్టుపక్కల ఏ పిట్టనూ వాలనివ్వడం లేదు" అని. ఆ గోరింకల్ని పట్టించే మార్గం ఉందా అని ఒకరు అడిగారు.

పట్టించకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా దానివల్ల పిచ్చుకలూ రావు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

గోరింక గూడు పెట్టే రోజుల్లో చుట్టూ కొంత మేర తనదేనని హద్దు పెట్టుకుంటుంది. చెట్టు తొర్ర, గోడ కన్నం, సజ్జ కింద గొట్టం, ఏదో ఒకటి దానికి కావాలి. తొర్రను సొంతంగా తొలుచుకోలేదు కనుక ఉన్నదాని కోసం పోట్లాడుతుంది. రామచిలుకకు, పెద్దనలంచికి, చిన్న గుడ్లగూబకు కూడా అవే తొర్రలు కావాలి. కొత్త తొర్రలు తొలిచేవి కంసాలిపిట్ట, వడ్రంగిపిట్ట వంటివి. కంసాలిపిట్ట ఎప్పుడూ మెత్తబడిన ఎండుకొమ్మనే చూసుకుంటుంది. మనమేమో ఎండుకొమ్మ కనిపిస్తే చాలు, కొట్టించేస్తాం. అద్దె ఇళ్లు తగ్గిపోయిన పేటలో గొంతున్నవాడికే ఇల్లు దొరుకుతుంది. బెంగళూరులో స్థిరపడిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పిల్లలున్న మన సభ్యులు అక్కడ కూడా గోరింకల్ని చూసే ఉంటారు. పురుగుల్ని తింటాయని 1862లో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లి వదిలారు. ఇప్పుడు అక్కడ అది పెద్ద బెడద. ప్రపంచంలో పరాయి నేలకు చేరి అతి ఎక్కువ చెరుపు చేసిన వంద జీవుల జాబితాను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారు ప్రకటించారు. అందులో పక్షులు మూడే. ఒకటి గోరింక, రెండోది యూరప్ స్టార్లింగ్, మూడోది మన పెరట్లో తిరిగే పిగిలిపిట్ట! ఇక్కడ మాత్రం ఈ రెండూ మిగతా పిట్టలతో ఎన్నో తరాలుగా కలిసి బతికినవే.

అయితే సొంత నేల మీద కూడా ఒక పిట్ట మిగతావాటిని తరిమేయగలదు. దానికి పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియాలోనే ఉంది. నాయిజీ మైనర్ అనే ఆ పిట్టకు గోరింకతో చుట్టరికం లేదు, అది తేనె తాగే పిట్టల జాతి. గుంపుగా ఉండి తన హద్దులోకి వచ్చిన ప్రతి చిన్న పిట్టనూ వెంటపడి తరుముతుంది. పురుగులు తినే చిన్న పిట్టలు వెళ్లిపోతే పురుగులు పెరిగి చెట్లు కూడా చిక్కిపోతాయి. 2014లో ఆ దేశ ప్రభుత్వం దీన్ని వన్యప్రాణులకు ముఖ్యమైన ముప్పుల్లో ఒకటిగా గుర్తించింది. చాలాచోట్ల ఆ పిట్టల్ని తొలగించి చూశారు. ఖాళీ అయిన చోటికి పక్కనుంచి మరికొన్ని వచ్చి చేరాయి. పొదలు లేకుండా విడివిడి చెట్లు, అంచుల్లో పలచని తోపులు, గడ్డి మైదానాలు: మనుషులు చేసిన ఆ అమరికే దానికి కోటలా పనికొచ్చింది. దాన్ని మార్చకుండా పిట్టను తీసేస్తే ఏం లాభం?

దూకుడున్న పిట్టలన్నీ చెరుపే చేస్తాయనుకోవద్దు. మన పసులపోలిగాడిని చూడండి. పిడికెడంత ఉంటుంది, తన గూటి దగ్గరికి వస్తే కాకినీ గద్దనూ కూడా వీపు మీద పొడిచి తరుముతుంది. ఆ అండ చూసుకుని పావురాయి గువ్వలు, పిగిలిపిట్టలు దాని పక్కనే గూళ్లు పెట్టుకుంటాయి. హిందీవాళ్లు దాన్ని కొత్వాల్ అనడం ఊరికే కాదు.

మన వీధుల్లో ఎక్కువ నష్టం చేసేది, నా లెక్కన, కాకి. తెరిచి ఉన్న గూళ్లలో గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోతుంది. వీధి మూల చెత్తకుప్పే దాని బలం. తద్దినం నాడు పెట్టే పిండం గురించి కాదు నేననేది, రోజూ కవర్లో కట్టి పారేసే మిగులు అన్నం గురించి. పావురానిది మరో దారి. అది కొండ చరియల్లో గూడు పెట్టే పిట్ట, అపార్ట్‌మెంటు సజ్జలు, ఏసీ డబ్బాల వెనక సందులు దానికి చరియల్లాంటివే. ఏడాది పొడుగునా పిల్లల్ని చేస్తుంది. దానికి మనం రోజూ జొన్నలు కూడా చల్లుతున్నాం.

పిచ్చుక తగ్గింది గోరింక వల్లే అనుకుంటే పొరపాటు. 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద పిచ్చుకలు ఇంచుమించు నిలకడగానే ఉన్నాయి, బెంగళూరు, హైదరాబాదు సహా ఆరు మహానగరాల్లో తగ్గుతూ వచ్చాయి. 2023 నివేదికలో దీర్ఘకాలపు లెక్కలు దొరికిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి, పావురం మాత్రం బాగా పెరిగింది. నా చిన్నతనంలో తరగుపేట ధాన్యం కొట్ల ముందు గోనెసంచుల చుట్టూ పిచ్చుకలే పిచ్చుకలు. పెంకుటిళ్ల చూరులో గూడు, వాకిట్లో నూకలు, పెరటి మొక్కల మీద పురుగులు ఉండేవి. పిచ్చుక పిల్లలకు తొలి రోజుల్లో గింజలు పనికిరావు, పురుగులే కావాలి. ఆ మూడూ పోయాక గోరింకను తరిమి ఏం ప్రయోజనం?

ఈసారి గూళ్లకు రంధ్రం అంగుళంపావు, అంటే 32 మిల్లీమీటర్లే పెట్టిస్తున్నాను. పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. పాత గూళ్లున్నవారు ఆ కొలత రంధ్రంతో రేకు ముక్క బిగిస్తే సరిపోతుంది, కానీ లోపల పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. కుండీలో అయినా సరే ఒక గుబురు మొక్క ఉంచి, పురుగు మందు కొట్టకుండా వదిలేయండి.

మా అపార్ట్‌మెంటు వెనక వానచెట్టుకు ఒక ఎండుకొమ్మ ఉంది, దాని అడుగున కంసాలిపిట్ట తొర్ర. వానలకు ముందే కొట్టించాలని కమిటీ నిర్ణయం. రోడ్డు మీదికి వంగినవి కొట్టాల్సిందే, ఏప్రిల్ గాలివానలకు బెంగళూరులో కొమ్మలు ఎలా విరిగిపడతాయో తెలుసు. ఇది మాత్రం ఖాళీ స్థలం వైపు ఉంది. దాన్ని ఉంచమని అర్జీ రాసిచ్చాను. ఆదివారం మీటింగు.