దొర మేడలో ఆడపిల్లల చదువు

పటాన్‌చెరు, సంగారెడ్డి నుంచి ఎంతోమంది అక్కలు హైదరాబాదులోని కోఠికి పోతారు. సుల్తాన్‌బజారులో బట్టలు, గాజులు కొంటారు. ఆ దగ్గరలోనే ఒక పెద్ద మేడ ఉంది. ముందు ఎత్తయిన స్తంభాలు. మెట్ల పక్కన రెండు రాతి సింహాలు. అది ఆడపిల్లలు చదువుకునే చోటు. ఆ మేడకు రెండు వందల ఏండ్లు దాటాయి.

ఎవరు కట్టారు?

అప్పుడు హైదరాబాదును నిజాం ఏలేవాడు. ఆయన కొలువులో ఇంగ్లీషువాళ్ల తరఫున ఒక దొర ఉండేవాడు. ఆ దొరను రెసిడెంటు అనేవారు. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803లో ఈ మేడ పని మొదలుపెట్టించాడు. ఖర్చు నిజాం పెట్టాడు. ఖజానాకు డబ్బు ఎక్కువగా రైతుల శిస్తు నుంచే వచ్చేది. అంటే ఈ మేడలో మన తాతముత్తాతల చెమట కూడా ఉంది.

ఆ దొర భార్య ఖైరున్నీసా. ఆమెకు పరదా ఉండేది. పరాయి మగవాళ్ల ముందుకు రాకూడదు. అందుకే పెద్ద మేడను తిరిగి చూడలేకపోయిందట. ఆమె కోసం మేడ ఆకారంలో ఒక చిన్న బొమ్మ మేడను తోటలో కట్టించాడని చెప్పుకుంటారు.

బడి ఎట్లా అయింది?

1947లో ఇంగ్లీషువాళ్లు దేశం వదిలిపోయారు. 1924లో మొదలైన మహిళా కాలేజీ 1949లో ఈ మేడలోకి వచ్చింది. ఒకనాడు ఇంటి ఇల్లాలు కూడా చూడలేని మేడలో వేలమంది ఆడపిల్లలు చదువుకున్నారు.

ఎట్లా కాపాడారు?

ఏండ్లు గడిచేకొద్దీ మేడ పాడైంది. కప్పు కురిసింది. గోడలు పెచ్చులూడాయి. కూలిపోతుందేమో అని భయం పట్టుకుంది. 2002లో ప్రపంచ స్మారకాల నిధి అనే సంస్థ దీనిని ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత మరమ్మతులు జరిగాయి. 2023లో మేడను మళ్లీ తెరిచారు.

పాత సున్నపు గోడకు సిమెంటు పూయకూడదు. ఎందుకు? సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. గోడ లోపలినుంచి పాడవుతుంది. అందుకే పాత గోడకు సున్నమే మందు. వెనుకటి మేస్త్రీలు సున్నాన్ని గానుగలో నూరేవారు. అందులో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు. గోడ గట్టిపడేది.

ఐలమ్మ పేరు

2022లో ఈ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మది పాలకుర్తి. ఆమె కౌలు పొలంలోని పంటను ఎత్తుకపోవాలని దేశ్‌ముఖ్ మనుషులు వచ్చారు. ఆమె భయపడలేదు. సంఘం తోడుతో పంటను ఇంటికి చేర్చుకుంది. దొర కట్టించిన మేడ మీద ఇప్పుడు ఐలమ్మ పేరు ఉంది.

మన ఊరి బడి

మన ఊళ్లో కూడా పాత బడి ఉంటుంది. దానికి స్తంభాలు, సింహాలు ఉండకపోవచ్చు. అయినా మన పిల్లలకు అదే మేడ. గోడ పగుల్లో రావి మొక్క మొలిస్తే చిన్నప్పుడే పీకేయాలి. పెరిగితే వేరు గోడను చీలుస్తుంది. వానాకాలం రాకముందే కప్పు చూసుకోవాలి. గోడ పక్కన నీళ్లు నిలవనీయకూడదు. పెద్ద మరమ్మతు ఉంటే పంచాయతీలో అడగాలి. నోటితో చెప్పి ఊరుకోవద్దు. అర్జీ రాసి ఇవ్వాలి. ఇప్పుడు రాయడం మనకు వచ్చు కదా!

చెప్పండి:
1. పాత సున్నపు గోడకు సిమెంటు ఎందుకు పూయకూడదు?
2. మీ ఊరి బడిని ఎప్పుడు కట్టారు? పెద్దలను అడిగి రాయండి.