సాఫ్ట్‌వేర్ ఆధారాంగాల నవీకరణ – తెలుగు పాఠ్య పరిశోధన

రాజోలు ప్రాంతపు పొలానికి గోదావరి నీరు చేరాలంటే ధవళేశ్వరం బ్యారేజి, అక్కడి నుంచి వచ్చే కాలువ, వైనతేయపాయ మీదుగా ఆ కాలువను దాటించే గన్నవరం అక్విడెక్టు సక్రమంగా ఉండాలి. వీటిలో ఏదీ రైతు కట్టుకున్నది కాదు. సాఫ్ట్‌వేర్ స్థితి కూడా ఇటువంటిదే. ఒక ప్రోగ్రాము ఇతరులు రాసిన లైబ్రరీల మీద, అవి మరికొన్నింటి మీద ఆధారపడతాయి. వీటినే డిపెండెన్సీలు అంటారు. తెలుగులో ఆధారాంగాలు అనవచ్చు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో తలెత్తిన సమస్య దీనికి తగిన నిదర్శనం. ‘జ్ఞా’ అక్షరంలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరితే, దానిని చూపబోయిన యాప్ మూతపడేది. దోషం వాట్సాప్ వంటి యాప్‌ల కోడ్‌లో లేదు. అక్షరాలను తెరపై కూర్చే ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్‌లో ఉంది. ఫిబ్రవరి 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6 ఆ లోపాన్ని సరిదిద్దింది. దానిని స్థాపించుకోని ఫోన్లకు ఆ మేలు అందలేదు.

అయితే నవీకరణను కేవలం దోషనివారణగా భావించరాదు. అది పరిశోధన ఫలితాలను కూడా మార్చగలదు. ‘జ్ఞానం’ అనే మాటలో అక్షరాలెన్ని? ఛందస్సు తెలిసినవారు రెండంటారు. యూనికోడ్ విభజన నియమాలను అనుసరించే లైబ్రరీలు మాత్రం చాలాకాలం ‘జ్’, ‘ఞా’, ‘నం’ అని మూడు లెక్కించాయి. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం 2023 సెప్టెంబరులో, యూనికోడ్ 15.1తో వచ్చింది. మన లాక్షణికులు ఏనాడో తేల్చిన విషయం యంత్రానికి చేరడానికి ఇంతకాలం పట్టింది! ఒక ప్రబంధంలోని అక్షరసంఖ్యను యంత్రంతో లెక్కిస్తున్న పరిశోధకుని కంప్యూటరులో ఈ లైబ్రరీ మధ్యలో మారితే, అతడు తన కోడ్‌లో ఒక్క పంక్తి మార్చకపోయినా, తొలి అధ్యాయపు లెక్క మలి అధ్యాయపు లెక్కతో పొసగదు.

కనుక ప్రతి ఆధారాంగం వెర్షన్ సంఖ్యను ప్రాజెక్టులోని లాక్‌ఫైల్‌లో స్థిరపరచాలి. ‘స్త్రీ’ ఒకటి, ‘లక్ష్మి’ రెండు – ఇలా ఫలితం ముందే తెలిసిన మాటలతో ఒక పరీక్షాపట్టిక ఉంచుకోవాలి. నవీకరణలను పోగుపెట్టక ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ పట్టికను సరిచూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం కష్టం. కాలువ కట్టిన వేసవిలోనే పూడిక తీస్తారు. ఈ పనికీ రెండు అధ్యాయాల నడుమ విరామమే తగిన సమయం, సమర్పణకు ముందు వారం కాదు. వాడిన లైబ్రరీ పేరును, వెర్షన్‌ను ప్రతిపాఠాల వివరాలతో పాటు పరిశోధన పద్ధతి అధ్యాయంలోనే పేర్కొనాలి.